డాక్టరు గారి మీద కోపం వచ్చిన రోజు



మన వైపు మనసు బాగాలేని మనిషి తిన్నగా మనసు డాక్టరు దగ్గరికి రాడు. కడుపులో మంట అని ఒకరి దగ్గరికి వెళ్ళి ఎండోస్కోపీ చేయించుకుంటాడు. గుండె దడ అని ఇంకొకరి దగ్గరికి వెళ్తే ఈసీజీ బాగానే ఉందని పంపేస్తారు. తల పట్టేసినట్టుంది, అరికాళ్ళు మంటలు అంటే నరాల డాక్టరు గారు స్కానింగు రాస్తారు. అదీ నార్మలే. మధ్యమధ్యలో ఆర్‌ఎంపీ గారి బలం సూదులు, మేనత్త తెచ్చి కట్టిన తాయెత్తు. ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగాక ఎవరో గొంతు తగ్గించి, "ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించకూడదూ" అంటారు. దాంతో ఇంట్లో పెద్దాయన "అంటే ఏంటి, మావాడికి పిచ్చంటావా" అని లేస్తారు.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్ళలో నూటికి 10.6 మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. వాళ్ళలో జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా వైద్యం అందనివాళ్ళే. కాబట్టి ఆ పెద్దాయన్ని ఒప్పించి మీరు బయల్దేరారంటే సగం దూరం వచ్చేసినట్టే. మిగతా సగంలోనే చిక్కు. ఎవరి దగ్గరికి వెళ్ళాలి? వెళ్ళాక ఏం జరుగుతుంది?

బోర్డుల మీద పేర్లు చూస్తే అంతా ఒకటే అనిపిస్తుంది గానీ, కాదు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మనోవైద్యంలో ఎండీయో డిప్లొమాయో చేసిన డాక్టరు. మందులు రాయగలిగేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మనస్తత్వశాస్త్రం చదివి, ఆ తరవాత ఆసుపత్రిలో రోగులతో పనిచేస్తూ ఎం.ఫిల్. లాంటి శిక్షణ పొందినవాళ్ళు వీళ్ళు. వీళ్ళ పేర్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఇక కౌన్సెలర్ అనే బోర్డు ఉంది చూశారూ, అక్కడే జాగ్రత్త పడాలి. దాని కింద చక్కగా చదువుకుని పనిచేసేవాళ్ళూ ఉన్నారు, నాలుగు వారాంతాల కోర్సు చేసి కుర్చీ వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. బియ్యం కొట్లో పాతవా కొత్తవా అని పదిసార్లు అడిగే మనం, మన గుట్టంతా విప్పి చెప్పబోయే మనిషిని "ఎక్కడ చదువుకున్నారండీ, రిజిస్ట్రేషన్ ఉందాండీ" అని అడగడానికి మొహమాటపడతాం. అడగండి. సరైన మనిషి నొచ్చుకోరు. నొచ్చుకున్నారంటే అదీ ఒక సమాధానమే.

డబ్బుకి వెనకాడేవాళ్ళకి ఒక మాట. మెడికల్ కాలేజీ ఉన్న సర్కారు పెద్దాసుపత్రుల్లో మానసిక విభాగం ఉంటుంది, ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ఆసుపత్రులు ఎప్పట్నుంచో ఉన్నవే. వాటి పేర్లు పోట్లాటల్లో తిట్టడానికి వాడుకుంటున్నాం గానీ, అక్కడ రోజూ వైద్యం జరుగుతోంది. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం ఫోను సేవ ఒకటి నడుపుతోంది. నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చచ్చిపోవాలన్న ఆలోచన మీ తలలో తిరుగుతుంటే నా ప్రసంగం తరవాత వినొచ్చు, ముందు ఆ నంబరుకి చెయ్యండి. మళ్ళీ చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

మొదటిసారి వెళ్ళినప్పుడు డాక్టరు గారు థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు రాస్తే విసుక్కోకండి. థైరాయిడ్ తగ్గితే మనిషి అచ్చం డిప్రెషన్ వచ్చినట్టే నీరసించిపోతాడు. దానికి మాటల వైద్యం ఎన్నాళ్ళు చేసినా లాభం ఉండదు.

సరే, పరీక్షలన్నీ బాగున్నాయి. మందులు వాడారు, నిద్ర పడుతోంది, ఏడుపు తగ్గింది. అయినా కొంతమందికి ఏదో మిగిలిపోతుంది. ఆఫీసు మారినా అక్కడా పాతవాడి లాంటి పై అధికారే తగులుతాడు. ఎవరితో స్నేహం చేసినా ఏడాది తిరిగేసరికి అదే మనస్పర్థ. పెళ్ళి సంబంధాలు ఒక్కటీ నచ్చవు, ఎందుకు నచ్చవో చెప్పలేరు. "నా జాతకమే ఇంత" అంటారు. సైకోడైనమిక్ థెరపీ ముఖ్యంగా ఇలాంటివాళ్ళ కోసం. మనోవిశ్లేషణ అని మన సాహిత్యకారులు చాలాకాలంగా రాస్తూ వచ్చిన దానికి ఇది వారసురాలు. ఆ మనోవిశ్లేషణని మొదలుపెట్టిన ఫ్రాయిడ్ కాలంలో రోగి వారానికి ఐదారు రోజులు వచ్చి సోఫా మీద పడుకుని మాట్లాడేవాడు. ఇప్పుడు ఎదురెదురు కుర్చీలే. వారానికి ఒకసారి, ఎక్కువైతే రెండుసార్లు. 45, 50 నిమిషాలు. కొన్ని నెలలతో ముగిసే పద్ధతీ ఉంది, ఏళ్ళు నడిచేదీ ఉంది.

ఇందులో చేసే పని చెప్పడానికి తేలిక. తోచింది తోచినట్టు మాట్లాడాలి. నిన్న వచ్చిన కల, ఆటోలో జరిగిన గొడవ, చెప్పడానికి సిగ్గుపడే మాట, ఏదైనా. థెరపిస్టు వింటారు, అప్పుడప్పుడు ఒక మాట అంటారు. సలహా మాత్రం ఇవ్వరు, ఇచ్చినా చాలా తక్కువ. మనవాళ్ళకి ఇది మింగుడుపడదు. "ఇంతసేపు చెప్పాను కదండీ, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అని చేతులు కట్టుకుని కూర్చుంటారు. అది తప్పు కాదు, మన అలవాటు. 1973లో జె.ఎస్. నేకీ అనే మనోవైద్యుడు దీని మీదే ఒక వ్యాసం రాశారు. భారతదేశంలో రోగి వైద్యుడిలో గురువుని వెతుక్కుంటాడు, కాబట్టి ఇక్కడి చికిత్స గురుశిష్య సంబంధం నుంచి నేర్చుకోవాలన్నారు. కొంతవరకు నేనూ ఒప్పుకుంటాను. మొదటి వారాల్లో నోరు మూసుకుని కూర్చునే థెరపిస్టు మన ఊళ్ళలో రోగుల్ని పోగొట్టుకుంటాడు. కానీ గురువుగా ఉండిపోతే రోగికి ఇంకో నాన్నగారు దొరికినట్టే అవుతుంది. ఉన్న నాన్నగారితోనే వేగలేక వచ్చిన మనిషికి రెండోవారు ఎందుకు?

ఇది దొరల సరుకు, మనకు సరిపడదు అనేవాళ్ళున్నారు. వాళ్ళకి కలకత్తా గిరీంద్రశేఖర్ బోసు గారిని గుర్తుచేస్తాను. 1922లో ఆయన కలకత్తాలో ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టారు. ఫ్రాయిడ్‌తో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపారు, ఎన్నోచోట్ల ఆయనతో విభేదించారు. మనిషిలో ప్రతి కోరికకీ దానికి ఎదురు కోరిక జతగా ఉంటుందని తన సిద్ధాంతం తాను చెప్పారు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకి కలకత్తా నుంచి దంతపు విష్ణుమూర్తి విగ్రహం వియన్నా చేరింది. ఫ్రాయిడ్ దాన్ని తన రాతబల్ల మీద పెట్టుకున్నారు. అంటే ఈ విద్య మన దేశంలో అడుగుపెట్టి నూరేళ్ళు దాటింది.

"నా గురించి నేను ఆలోచించుకోలేనా, దానికి ఇంకొకరికి డబ్బు కట్టాలా?" అని ఒక పెద్దమనిషి నన్నడిగారు. గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' చదివినవాళ్ళకు సీతారామారావు గుర్తుంటాడు. తన గురించి తాను అతను ఆలోచించుకున్నంతగా మన నవలల్లో ఇంకెవరు ఆలోచించుకున్నారు? చివరికి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఒంటరిగా ఎంత తవ్వుకున్నా మనకు తెలిసిన చోటే తవ్వుతాం. తెలియనిది ఇంకో మనిషి ఎదురుగా ఉన్నప్పుడే బయటపడుతుంది. ఎలా బయటపడుతుందో చూపిస్తాను.

నలభై దాటిన ఒక బ్యాంకు ఉద్యోగినిని ఊహించుకోండి. ఏ ఒక్కరో కాదు, చాలామందిని కలిపి నేను అల్లుకున్న మనిషి. మొదటిరోజు భర్తతో నా దగ్గరికి వస్తారు. "నిద్ర ఎలా పడుతోందమ్మా?" అని నేను ఆవిడని అడిగితే, "అసలు పడుకోదండీ" అని ఆయన చెబుతారు. "ఆకలి?" "ఏదో కెలుకుతుందండీ." ఆయన చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. ఆయన్ని బయట బల్ల మీద కూర్చోమని పంపాక ఆవిడ అన్న మొదటి మాట, "నాకేం లేదండీ, ఆయనకే బెంగ." ఆఫీసులో అందరి పనీ ఆవిడే చేస్తారు. ఆదివారం తలనొప్పి. ఎవరి మీదా కోపం లేదు, ఎప్పుడూ రాలేదట.

కొన్ని వారాలు గడిచాయి. సంక్రాంతికి రెండు వారాలు ఉండనని చెప్పాను. "తప్పకుండా వెళ్ళిరండి, మీకూ విశ్రాంతి ఉండాలి కదా" అన్నారు. పండగ వెళ్ళాక ఆవిడ రావలసిన రోజున రాలేదు. ఆ పై వారం పూతరేకుల డబ్బాతో వచ్చారు. డబ్బా బల్ల మీద పెట్టి, రిబ్బను సరిచేసి, మళ్ళీ సరిచేశారు. "నేను ఊరెళ్ళినప్పుడు మీకేమనిపించింది?" అని అడిగాను. "ఏమీ అనిపించలేదండీ." కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అప్పుడు, నన్ను చూడకుండా రిబ్బను వైపే చూస్తూ, "మా నాన్నగారు ఊరందరి పనులూ చూసేవారు" అన్నారు. హెడ్మాస్టరు గారు. కూతురికి బడిలో బహుమతి ఇచ్చిన రోజున రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే వారం పాటు మాట్లాడలేదు. అప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకెళ్ళి ఆయన పక్కన పెట్టి వచ్చేసేది. ఇంతవరకు చెప్పి ఆవిడ టక్కున ఆగిపోయారు, పూతరేకుల డబ్బా వంక చూశారు. నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

కోపం వస్తే ఎదుటివాళ్ళు వదిలేస్తారు, కాబట్టి కోపం రాకముందే కానుక పెట్టేయాలి. ఈ సూత్రం ఆవిడకి తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా దాని ప్రకారమే నడుస్తున్నారు, ఆఫీసులో అందరి పనీ చేస్తున్నారు. నా గదిలోనూ అదే చేశారు. తేడా ఏమిటంటే ఇక్కడ ఆగి చూసుకోవడానికి వీలుంది. "మీరు వెళ్ళిపోతే నాకు ఒళ్ళు మండింది" అని ఆవిడ ఆ తరవాతి నెలలో ఎప్పుడో అన్నారు. నేను మాట్లాడటం మానెయ్యలేదు, పై వారం అదే టైముకి అదే కుర్చీలో ఉన్నాను. ఈ చికిత్సలో మందు ఉందంటే అదే. వినడానికి చిన్న విషయం. మనిషికి లోపల నిజంగా నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది. కుదిరాక మళ్ళీ పోతుంది, మళ్ళీ కుదురుతుంది.

అందుకే థెరపీకి వెళ్ళేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. డాక్టరు మీద కోపం వచ్చిందనో, "ఈయనకి నేనంటే లెక్కలేదు" అనిపించిందనో మానెయ్యకండి. వెళ్ళి ఆ మాటే ఆయనతో అనండి. చాలాసార్లు అసలు వైద్యం మొదలయ్యేది ఆ రోజునే.

మరి ఆ కోపం న్యాయమైనదైతే? ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఈ చికిత్స చరిత్రలో పేరుమోసిన ఒక రోగి ఈ ప్రశ్న మీదే లేచి వెళ్ళిపోయింది. 1900 అక్టోబరులో వియన్నాలో పద్దెనిమిదేళ్ళు నిండబోతున్న అమ్మాయిని వాళ్ళ నాన్న ఫ్రాయిడ్ దగ్గరికి తీసుకొచ్చాడు. ఫ్రాయిడ్ ఆమెకి డోరా అని మారుపేరు పెట్టి రాశాడు, అసలు పేరు ఇడా బావర్. దగ్గు, గొంతు పోవడం, చచ్చిపోతానని ఉత్తరం. దాని వెనక కథ ఏమిటంటే, తండ్రికి తన స్నేహితుడి భార్యతో సంబంధం ఉంది. ఆ స్నేహితుడేమో ఈ పిల్ల వెంటపడ్డాడు. ఒకరోజు సరస్సు ఒడ్డున అతను మనసులో మాట బయటపెట్టబోతే చెంప ఛెళ్ళుమనిపించింది. ఇంట్లో చెబితే అంతా కల్పన అన్నారు. దీనికి కాస్త బుద్ధి చెప్పి దారిలో పెట్టండి అన్నది తండ్రి కోరిక. "మా అమ్మాయికి కొంచెం నచ్చజెప్పండి సార్" అని మన క్లినిక్కుల్లో వినబడే మాట ఇంచుమించు ఇదే.

ఫ్రాయిడ్ ఆ పిల్ల చెప్పింది నిజమేనని నమ్మాడు, అది గొప్పే. కానీ నీకూ ఆ మనిషంటే ఇష్టమేనని పట్టుబట్టాడు. ఆమె కాదంటే, ఆ కాదనడమే ఔననడం అన్నాడు. పదకొండు వారాలు విని, డిసెంబరు 31న ఇదే చివరి రోజని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. 1905లో ఈ కథ అచ్చువేస్తూ, ఆమె లోపలున్న పాత కోపం నా మీదకి మళ్ళుతోందని సకాలంలో గమనించలేకపోయానని ఫ్రాయిడ్ రాసుకున్నాడు. అక్కడినుంచే ఈ విద్యకి కళ్ళు తెరుచుకున్నాయి. అయితే ఇవాళ చదివేవాళ్ళలో చాలామంది ఇంకోమాట కూడా అంటారు. ఆ కోపమంతా పాతది కాదు, డాక్టరు సంపాదించుకున్నది కూడా అందులో ఉంది. నేనూ ఆ పక్షమే.

అంచేత తేడా పట్టుకోవాలి. కోపం వచ్చిందని చెప్పినప్పుడు ఆయన వింటున్నారా, తన వైపు తప్పుండవచ్చని ఒక్క క్షణమైనా ఆగి చూస్తున్నారా? లేక మీరేమన్నా దాన్ని మీ జబ్బు ఖాతాలోనే రాసేస్తున్నారా? రెండోదైతే ఇంకొకరిని చూసుకోండి. కొన్ని విషయాల్లో అసలు ఆలోచనే అక్కర్లేదు. ఒంటి మీద చెయ్యి వేసినా, బయట కలుద్దామన్నా, చీటీ పాటలోనో స్థలంలోనో భాగం కలవమన్నా, సంబంధం చూస్తానన్నా, మీరు చెప్పినది మీ భర్తకో మీ నాన్నకో చేరవేసినా, సైకియాట్రిస్టుతో మాట్లాడకుండా మందులు ఆపెయ్యమన్నా, ఆ రోజే లేచి వచ్చెయ్యండి. రహస్యంగా ఉంచడం ఆయన దయ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకిచ్చిన హక్కు. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లోనే దానికి మినహాయింపు.

ఇందుకే "మనకి తెలిసినవాడైతే బాగుంటుంది" అన్న మన అలవాటు ఈ ఒక్కచోట పనికిరాదు. పెదనాన్న గారి అల్లుడు ఎంత మంచి థెరపిస్టైనా వద్దు. రేపు గృహప్రవేశంలో పక్క విస్తరిలో కూర్చోబోయే మనిషితో ఏం విప్పి చెప్పుకుంటారు? ఫోనులోనే ఫీజెంత, రాలేకపోయిన వారానికీ కట్టాలా, ఎంతసేపు కేటాయిస్తారు, ఈ పద్ధతిలో శిక్షణ ఎక్కడ పొందారు, ఇప్పటికీ పెద్దవాళ్ళ పర్యవేక్షణలో పనిచేస్తున్నారా అని అడిగేయండి. చిన్న ఊళ్ళలో ఈ పద్ధతిలో బాగా శిక్షణ పొందినవాళ్ళు దొరకడం కష్టం. అప్పుడు వీడియోలో చూసే తెలుగు థెరపిస్టు మేలు. తెలుగు అని ఎందుకంటున్నానంటే, ఇంగ్లీషులో ఎంతో చక్కగా తన బాధ వివరించే ఇంజనీరు గారు, "అమ్మ ఏమనేదండీ?" అని అడిగేసరికి తెలుగులోకి వస్తారు, గొంతు అక్కడే పూడుకుపోతుంది. ఖర్చు సంగతంటారా, బీమాలో మనసు జబ్బునీ ఒంటి జబ్బునీ సమానంగా చూడాలని ఇందాకటి 2017 చట్టమే చెప్పింది. కాకపోతే మన పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరినప్పుడే అక్కరకొచ్చేవి. వారంవారం థెరపీ డబ్బు చాలావరకు జేబులోంచే.

అందరికీ సైకోడైనమిక్ థెరపీయే చెయ్యమనను. చెవుల్లో మాటలు వినబడుతున్నవాళ్ళకి, ఉన్మాదంలో నిద్రలేకుండా తిరుగుతున్నవాళ్ళకి ముందు మందులు. చేతులు పదేపదే కడుక్కునే ఓసీడీకి, లిఫ్టు ఎక్కాలంటే భయానికి సీబీటీ అనే పద్ధతి సూటిగా పనిచేస్తుంది. అక్కడ బాల్యం తవ్వుతూ కూర్చోవడం కాలయాపన. డిప్రెషన్, ఆందోళన లాంటి వాటిలో సైకోడైనమిక్ థెరపీ ఏ మాత్రం పనిచేస్తుందని అడుగుతారు. 2017లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ 23 పరీక్షల్ని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వేసింది. నిరూపితమైన ఇతర చికిత్సలకి ఇది తీసిపోదని తేల్చారు. తీసిపోదన్నారు, మించిందనలేదు. ఆ మాత్రం చాలు.

ఇక ఎప్పుడు ఆపాలి? చెప్పాపెట్టకుండా మానేసే పని కాదిది. ఇద్దరూ మాట్లాడుకుని తేదీ ముందే పెట్టుకుంటారు, వీలైతే కొన్ని నెలల ముందే. తేదీ దగ్గరపడేకొద్దీ ఎప్పుడో పోయిన తలనొప్పి మళ్ళీ వస్తుంది, నిద్ర తగ్గుతుంది. చేసిందంతా వృథా అయిందని హడలిపోతారు. వృథా కాదు, వెళ్ళిపోతున్నామన్న దిగులు అలా వస్తుంది. అదీ మాట్లాడుకోవలసిన విషయమే. చివరి వారం రాకుండా, "పనిపడిందండీ" అని మెసేజి పెట్టి ఊరుకునేవాళ్ళు చాలామంది. వాళ్ళకి నేను తిరిగి ఫోను చేసి, ఇంకో రోజు ఇస్తాను, ఒక్కసారి వచ్చి వెళ్ళమంటాను.